మాల్దీవులు: చుట్టూ సముద్రం, గుక్కెడు మంచినీరే కరువు

“చేతిలో చిల్లిగవ్వ లేదు” అని మనం తరచూ అంటుంటాం. గవ్వలు డబ్బుగా చెలామణి అయిన రోజుల్లో వాటిని బెంగాలు మొదలు పశ్చిమాఫ్రికా వరకు విరివిగా అందించిన దేశం మాల్దీవులు. మన పొరుగునే ఉన్న ఈ చిన్న ముస్లిం దేశాన్ని గురించి ఈసారి తెలుసుకుందాం.

భౌగోళిక స్వరూపం

హిందూ మహాసముద్రంలో, లక్షద్వీప్‌కు దక్షిణాన దాదాపు 1,200 పగడపు దీవులు 800 కి.మీ.లకు పైగా పరుచుకొని ఉన్నాయి. వీటిలో జనం నివసించేవి సుమారు 200. నేల అంతా కలిపినా దాదాపు 300 చదరపు కి.మీ. మాత్రమే. 2022 లెక్కల ప్రకారం జనాభా 5 లక్షల 15 వేలు. రాజధాని మాలే. కొండలు లేవు, నదులు లేవు. సముద్రమట్టానికి నేల సగటు ఎత్తు ఒకటిన్నర మీటరే!

చరిత్ర

పూర్వం ఇక్కడ బౌద్ధం ఉండేది. 1153లో రాజు ఇస్లాం స్వీకరించాడు. ప్రఖ్యాత యాత్రికుడు ఇబ్నె బతూతా 14వ శతాబ్దంలో ఇక్కడ కొంతకాలం ఖాజీగా పనిచేశారు. 1558లో ఆక్రమించిన పోర్చుగీసు వారిని 1573లో ముహమ్మద్ తకురుఫాను నాయకత్వంలో ప్రజలు వెళ్ళగొట్టారు. 1887 నుండి బ్రిటిష్ రక్షణలో ఉన్న ఈ దేశం 1965 జూలై 26న స్వతంత్రమైంది. 1968లో గణతంత్రమైంది.

సంస్కృతి

వీరి భాష దివేహి. దాని లిపి ‘తానా’ను అరబీలాగే కుడి నుండి ఎడమకు రాస్తారు. అందులోని మొదటి తొమ్మిది అక్షరాలు 1 నుండి 9 వరకు అరబీ అంకెల నుండి వచ్చాయి. మాలేలో 1658లో కట్టిన జుమా మస్జిదులో పగడపు రాళ్ళను చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా కూర్చారు.

ఆర్థిక స్థితి

తరతరాలుగా చేపల వేటే జీవనాధారం. ట్యూనా చేపలను వల వేయకుండా గాలంతో ఒక్కొక్కటిగా పడతారు. 1972లో మొదలైన పర్యాటకం నేడు ప్రధాన ఆదాయ వనరు. బియ్యం, గోధుమపిండి వంటివి బయటి నుండే రావాలి.

నీటి పరీక్ష

దీవుల అడుగున ఉప్పునీటిపై వాననీరు పలుచని పొరగా తేలి ఉంటుంది. ఎక్కువగా తోడినా, అలలు ముంచెత్తినా ఆ పొర ఉప్పుబారుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఎన్నో దీవుల బావులు ఇలాగే పాడయ్యాయి. 2014 డిసెంబరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో మంటలు చెలరేగి, మాలేలో లక్షమందికి కొళాయి నీరు ఆగిపోయింది. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీరు పంపింది. మరోవైపు సముద్రమట్టం పెరుగుతోంది. ఈ ముప్పును లోకానికి చాటడానికి 2009 అక్టోబరు 17న అక్కడి మంత్రివర్గం సముద్రం అడుగున సమావేశమయింది.

మహాప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారు. మనమేమో కొళాయి తిప్పి వదిలేసి వుజూ చేస్తున్నాం. మంచినీరు ఎంతటి అనుగ్రహమో మాల్దీవుల సోదరులకు బాగా తెలుసు. అది కరువయ్యేదాకా ఆగకుండా మనమూ తెలుసుకుందాం.