ట్యాంకు నీటికీ తనిఖీ కావాలి

మేము హాస్టల్లో ఉన్నప్పుడు నీరు తేటగా ఉంటే చాలనుకున్నాం. ట్యాంకు ఎప్పుడు కడిగారని ఒక్కనాడూ అడగలేదు.

పదిమంది దిగే ఈతకొలనులో క్లోరిన్‌ను రోజూ పరీక్షించి రిజిస్టరులో రాయాలి. పదిమంది వాడే మన ట్యాంకుకూ అదే అవసరం.

బ్లీచింగ్ కలిపిన అరగంటకు క్లోరోస్కోప్ గొట్టంలో నీరు పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి వెంటనే చూడాలి. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. తాగేనీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. పరీక్షించిన నీటిని పారబోయాలి.

అయితే క్లోరిన్ క్రిములనే చంపుతుంది. కరిగిన లవణాలను తీయదు. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అందుకే బోరునీటికి ల్యాబ్ పరీక్ష వేరుగా చేయించాలి.

తమ్ముళ్ళారా, తేదీ, రంగు నోటుబుక్కులో రాసి వార్డెన్‌గారికి చూపించండి. మేము అడగలేదు, మీరు అడగండి.