పాత ఓమ్నీ అమ్మేటప్పుడు: ఆర్‌సీలో పేరు మారేదాకా బండి మనదే



ఈసారి పాఠం పురుగు గురించి కాదు, ఆకు గురించీ కాదు. గూళ్లు మోసే బండి గురించి. మనవాళ్ల ఇళ్ల ముందు ఇంకా చాలా ఓమ్నీలు ఉన్నాయి. 1984లో వచ్చిన ఆ బండిని మారుతి కంపెనీ 2019లో ఆపేసింది. వెనక సీట్లు తీసేసి గూళ్ల సంచులు వదులుగా పేర్చుకోవడానికి, సందుల్లో తిప్పుకోవడానికి దానంత అనుకూలమైన బండి ఇంకోటి లేదని మా అభిప్రాయం. ఇప్పుడు షెడ్లు పెద్దవి చేసినవాళ్లు దాన్ని అమ్మి పికప్ తీసుకుంటున్నారు. అడిగేవాళ్లూ ఉన్నారు కాబట్టి అమ్మడం కష్టం కాదు. అమ్మినాక వచ్చే తలనొప్పి గురించే ఈ పాఠం.

మార్కెట్లో గూళ్లు అమ్మితే ఏమవుతుంది? లాటు పెడతాం, రీలర్లు పాట పాడతారు, తూకం అవుతుంది, చీటీ చేతికొస్తుంది. అంతటితో ఆ గూళ్లకీ మనకీ సంబంధం తెగిపోతుంది. మనకు అలవాటైన అమ్మకం అది. అందుకే బండి అమ్మేటప్పుడు కూడా దుడ్లు లెక్కపెట్టుకుని తాళం ఇచ్చేస్తే అయిపోయింది అనుకుంటాం. చట్టం అట్లా అనుకోదు. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వాళ్లే ఓనరు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. ఒక మారుతి 800 బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది. ఆర్‌సీ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. తర్వాత ఆ బండి గుద్ది ఒక పిల్లవాడు చనిపోయాడు. నేను ఎప్పుడో అమ్మేశానని ఆయన అన్నాడు. రికార్డులో పేరు ఉన్నవాడే బాధ్యుడు, నష్టపోయిన కుటుంబం బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అని కోర్టు చెప్పింది. పరిహారం లక్షల్లో ఉంటుంది. మన లాంటివాళ్లకు ఎన్ని పంటల దుడ్లో ఆలోచించండి.

కాబట్టి ధర కంటే ముందు కాగితాలు తీసి చూసుకోండి. ఆర్‌సీలో మూడు విషయాలు చూడాలి. ఒకటి, గడువు. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, ఆపైన 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. 2010, 2011లో కొన్న ఓమ్నీలకు 2025, 2026లో ఆ గడువు వచ్చేస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రీరిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలయింది, దాని పైన రాష్ట్రం పన్ను వేరే. గడువు దాటిన బండిని అట్లాగే అమ్మితే కొన్నవాడు అది చేయించడు, చేయించనిదే పేరు మారదు. మనమే చేయించి ఆ ఖర్చు ధరలో కలుపుకోవడం మంచిది.

రెండోది బ్యాంకు పేరు. లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అట్లాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి నో డ్యూ లెటరు, ఫారం 35 తీసుకుని ఆర్‌టీఓ ఆఫీసులో ఆ పేరు తీయించాలి. దీనికి టైం పడుతుంది, కొనేవాడు వచ్చి నిలబడినాక మొదలుపెట్టే పని కాదు.

మూడోది మన ఓమ్నీలకు ప్రత్యేకం. గ్యాస్ కిట్టు పెట్టించి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడండి. పెట్రోల్ అని మాత్రమే ఉండి లోపల కిట్టు ఉంటే పని ఆగిపోతుంది. అట్లాగే తీసేసిన వెనక సీట్లు. ఆర్‌సీలో ఎన్ని సీట్లు ఉన్నాయో అన్నీ బండిలో ఉండాలి. అవి చాలామంది ఇళ్లలో అటక మీదో, చంద్రికల కింద నలిగిపోతూనో ఉంటాయి. దించి దులిపి బిగించండి. 2019 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరయిన బండికి కొత్త రకం నంబరు ప్లేటు వేయించామా అన్నది కూడా చూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్టు, పాత చలాన్లు సరేసరి. చలాన్లు పరివాహన్ సైట్లో బండి నంబరు కొడితే కనబడతాయి. మార్కెట్‌కు పొద్దున్నే పరుగెత్తే బండికి ఒకటో రెండో ఉండనే ఉంటాయి.

ఇంక బండి సంగతి. పట్టు రైతు బండికి ఒక జబ్బు ఉంటుంది, అది బ్లీచింగ్ పౌడరు. షెడ్డుకు బ్లీచింగ్, సున్నం బస్తాలు ఇదే బండిలో తెస్తాం. కింద రాలిన పొడి తేమ తగిలి మ్యాట్ కింద రేకును తినేస్తుంది. అమ్మే ముందు మ్యాట్ ఎత్తి చూడండి. తుప్పు పట్టి ఉంటే గీకించి మంచి రేకు అతికించండి. పైన నల్ల రంగు కొట్టి దాచినందువల్ల లాభం లేదు, తెలిసినవాడు తాళంచెవితో పొడిచి చూస్తాడు. ఛాసిస్ నంబరు ఉన్న చోట తుప్పు ఉంటే మరీ జాగ్రత్త. తనిఖీలో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీస్తారు, అది చదవడానికి రావాలి. అక్కడ మాత్రం ఎవరినీ గీకనివ్వకండి, అంకె చెరిగితే దొంగబండేమో అనే అనుమానం మన మీదికొస్తుంది. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు.

కొనేది ఇంకో పట్టు రైతయితే ఒక మర్యాద ఉంది. రోగం వచ్చిన పంట చెత్త, పాత చంద్రికలు ఆ బండిలో తోలి ఉంటే చెప్పండి. ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో తుడిచి, అరగంట ఆగి మంచి నీళ్లతో కడిగి ఎండబెట్టి ఇవ్వండి. చివరి కడుగు వదిలేస్తే పైన చెప్పిన తుప్పే. మనం కొనేటప్పుడు దీనికి తిరగేసి అడగాలి. ఆ బండిలో పురుగుమందులు తోలారా అని. కూరగాయల తోటల నుంచి వచ్చిన బండిలో ఆకు, చాకీ పురుగులు తెచ్చే ముందు వెయ్యిసార్లు ఆలోచించాలి.

ధర విషయం. గూళ్ల ధర రోజూ ఫోన్లో చూసినట్టే బండి ధర కూడా చూడవచ్చు. అదే ఏడాది మోడలు, అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లకు ఎంత చెబుతున్నారో నాలుగైదు చూడండి. అవి చెప్పే ధరలు, అమ్మిన ధరలు కావు, కొంత తగ్గించుకుని లెక్కవేయండి. షోరూములో ఎక్స్‌చేంజ్‌కు ఎంత ఇస్తారో అడిగి పెట్టుకోండి, అంతకంటే తక్కువకు బయట ఇవ్వాల్సిన పని లేదు. పాత బండిని ఏ ఏడాదిది అని అడుగుతారు గనక జనవరి వచ్చిందంటే మన బండికి ఒక ఏడాది వయసు పెరిగినట్టే. డిసెంబరులోపు అమ్మగలిగితే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, పంట పోయి చేతిలో దుడ్లు లేనప్పుడు, చాకీ పురుగులకు డబ్బు కట్టాల్సిన వారంలో బండిని బేరానికి పెట్టకండి. మన తొందర దళారికి మొహంలోనే కనిపిస్తుంది.

ఒకసారి నడిపి చూస్తానంటే ఇవ్వండి, కానీ లైసెన్సు చూసి, పక్కన మనవాళ్లు ఒకరు కూర్చోవాలి. టోకెన్ అడ్వాన్సు తీసుకుంటే చిన్న రసీదు రాసి, మిగతాది ఏ తారీఖులోపు ఇస్తారో అందులో పెట్టండి. టోకెన్‌కు బండి ఇవ్వకూడదు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

డబ్బు బ్యాంకులో వేయించుకోవడమే క్షేమం. 2017 ఏప్రిల్ నుంచి ఒకే వ్యవహారంలో 2 లక్షలు గానీ అంతకు పైన గానీ నగదుగా తీసుకోకూడదు, తీసుకున్నవాడికే అంత మొత్తం జరిమానా పడవచ్చు. ఓమ్నీకి అంత రాకపోయినా పెద్ద బండి అమ్మేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. డబ్బు పంపినామని ఫోన్లో బొమ్మ చూపిస్తే నమ్మవద్దు. మన అకౌంటు తెరిచి బ్యాలెన్సు చూసుకోండి. మీకు డబ్బు పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది మోసం. దుడ్లు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే పిన్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఫారం 29 అంటే, ఈ బండి ఫలానావాళ్లకు అమ్మాను అని అమ్మినవాడు ఆర్‌టీఓకు ఇచ్చే తెలివిడి. ఫారం 30 అంటే పేరు మార్చమని ఇద్దరి సంతకాలతో ఇచ్చే అర్జీ. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. ఊళ్లలో జరిగేది వేరు. దళారి ఈ రెండు ఫారాలు ఖాళీగా తెచ్చి, ఇక్కడ సంతకం పెట్టన్నా, పార్టీ పేరు మేము రాసుకుంటాం అంటాడు. ఆ ఖాళీ సంతకంతో బండి ముగ్గురు నలుగురు చేతులు మారుతుంది, ప్రతివాడూ ట్రాన్స్‌ఫర్ ఖర్చు మిగుల్చుకుంటాడు. సుప్రీంకోర్టు దాకా పోయిన ఆ మారుతి 800 లాంటి కథలు ఇట్లానే పుడతాయి. కొన్నవాడి పేరు, ఊరు, తారీఖు నిండా రాయనిదే సంతకం పెట్టకండి. దళారి మొహం ముడుచుకుంటే ముడుచుకోనీ.

మా సలహా ఏమంటే, మిగతా డబ్బు తీసుకునే రోజునే కొన్నవాడితో కలిసి ఆర్‌టీఓ పనికి పోవడం. ఆన్‌లైన్లో పెట్టినా సరే, అర్జీ నంబరు మన ఫోన్లో కూడా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎవరు కడతారో బేరంలోనే తేల్చుకోండి. అవసరమైతే ఆ వెయ్యో రెండువేలో మనమే పెట్టుకుని పని మన చేతుల్లో ఉంచుకోవడం మేలు.

బండి ఇచ్చేటప్పుడు డెలివరీ కాగితం రాసుకోవాలి. తారీఖు ఒక్కటే చాలదు, టైం కూడా రాయాలి. పొద్దున పది గంటలకు ఇచ్చిన బండి సాయంత్రం కెమెరాకు దొరికితే ఆ టైమే మనకు సాక్షి. మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయి, ఎంత డబ్బు ఎట్లా అందింది, కొన్నవాడి ఆధార్ నకలు, సంతకం, ఇద్దరు సాక్షులు. కర్ణాటకలో ఈ కాగితం కన్నడంలో, హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో రాస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పెద్దవాళ్లు కొందరు ఆ లిపి చదవలేరు, సంతకం మాత్రం పెట్టేస్తారు. బడికి పోయే పిల్లలతో గట్టిగా చదివించి, అర్థమైనాకనే పెట్టించండి. ఈ కాగితం మన దగ్గర ఉన్నంత మాత్రాన ఓనరుతనం పోదు. కానీ కొన్నవాడు ఎవరని పోలీసు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

రాష్ట్రం దాటే అమ్మకం మనవాళ్లకు మామూలే. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు వైపు బండ్లకు మదనపల్లె, హిందూపురం, కుప్పం నుంచి చుట్టాలే వచ్చి కొంటారు. అప్పుడు మన ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. అమ్మినవాడు తెలియజేయడానికి గడువు 45 రోజులు. ఎన్‌ఓసీ చేతికిచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు, అవతలి రాష్ట్రంలో రిజిస్టరయ్యేదాకా పేరు మనదే. అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి గనక చుట్టాలు వాయిదా వేస్తూ పోతారు. ఆ ట్యాక్సు ఎంతవుతుందో ముందే కనుక్కుని బేరంలో తగ్గించి, రిజిస్ట్రేషన్ అయినాకనే కొంత డబ్బు వాపసు ఇస్తానని మాట పెట్టుకోవచ్చు. చుట్టరికం చెడకుండా పని జరగడానికి ఇంతకంటే మంచి దారి మాకు కనబడలేదు.

డీలరుకు ఇచ్చేవాళ్లు ఒకటి అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు కొని అమ్మే డీలర్లకు ఆర్‌టీఓ అనుమతి పత్రం ఉండాలని రూలు వచ్చింది. అట్లాంటి డీలరుకు బండి ఇచ్చినప్పుడు ఫారం 29సి ఆన్‌లైన్లో పెడితే, అప్పటి నుంచి బండికి బాధ్యత డీలరుదే. ఆ పత్రం చూపించలేనివాడు బోర్డు ఎంత పెద్దది పెట్టుకున్నా మనకు దళారి కిందే లెక్క.

ఇన్సూరెన్సు దగ్గర తొందర పనికిరాదు. అమ్మేశాం కదా అని పేరు మారకముందే పాలసీ రద్దు చేయించవద్దు. ఆ మధ్యలో ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరు మనది, పైగా ఇన్సూరెన్సు లేదు, మొత్తం భారం మన మీద పడుతుంది. పేరు మారినాక పాలసీ కూడా కొన్నవాడి పేరుకు మార్పించాలి, దానికి 14 రోజుల గడువు. క్లెయిములు లేనందుకు మనకు వచ్చిన బోనస్ మాత్రం బండితో పోదు, అది మనిషిది. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి దానికి లెటరు తీసుకుంటే 3 ఏళ్లలోపు కొనే ఇంకో కారుకు వాడుకోవచ్చు. సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. మనవాళ్లలో చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారు.

తర్వాత వారానికోసారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూస్తూ ఉండండి. ఓనరు పేరు పూర్తిగా కనబడకపోయినా అక్షరాలు మారింది తెలుస్తుంది. నెల దాటినా మారకపోతే కొన్నవాడికి ఫోను చేయండి. వినకపోతే డెలివరీ కాగితం నకలు పెట్టి ఆర్‌టీఓకు స్పీడ్ పోస్టులో అర్జీ పంపి రసీదు దాచుకోండి, స్టేషన్లో కూడా ఒక అర్జీ ఇచ్చి వాళ్ల ముద్ర వేయించుకోండి.

ఫాస్టాగ్ బండి ఇచ్చే రోజే మూయించాలి. అద్దం మీద స్టిక్కరు గీకేసినంత మాత్రాన సరిపోదు, బ్యాంకు యాప్‌లో క్లోజ్ చేస్తేనే మన అకౌంటు నుంచి టోలు కట్ అవడం ఆగుతుంది. సీటు కింద, డాష్‌బోర్డులో వెతకండి. పాత మార్కెట్ చీటీలు, బ్యాంకు పాస్‌బుక్కు, సబ్సిడీ కాగితాలు అక్కడే ఉండిపోతాయి.