పొగమంచులో గాలి మీటరును నమ్మవచ్చా?

ప్రశ్న: ఇంట్లో పెట్టుకున్న చిన్న మీటరు చలికాలం తెల్లవారుజామున పీఎం 2.5ను దగ్గరలోని ప్రభుత్వ కేంద్రం కంటే బాగా ఎక్కువ చూపుతోంది. మధ్యాహ్నానికి రెండూ దగ్గరపడతాయి. మీటరు పాడైందా?

జవాబు: పాడైతే మధ్యాహ్నం కూడా తేడా ఉండాలి కదా. ఈ మీటర్లు ధూళిని తూచవు. చిన్న ఫ్యాను లాగిన గాలి మీద లేజరు కిరణం పడుతుంది. కణాలు వెదజల్లిన కాంతిని బట్టి మీటరు బరువును అంచనా కడుతుంది. గాలిలోని అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ లాంటి లవణ కణాలు తేమ 80 శాతం దాటితే నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం మరింత కాంతిని చెదరగొడుతుంది. మీటరు ఆ నీటినీ ధూళి కిందే జమకడుతుంది. కేంద్రాల్లో ఎక్కువగా వాడే బీటా కిరణాల యంత్రం మాత్రం ముందు గాలిని వేడిచేసి తేమ తగ్గిస్తుంది. తర్వాత ఫిల్టరు టేపు మీద పేరుకున్న ధూళి ఆ కిరణాలను ఎంత అడ్డుకుందో చూసి బరువు తేలుస్తుంది.

అలాగని తెల్లవారుజామున కాలుష్యమే లేదనుకోవడం తొందరపాటు. చలి రాత్రుల్లో నేలను అంటిన గాలి పైకి లేవదు, పొగ కిందే నిలిచిపోతుంది. కేంద్రం అంకె కూడా అప్పుడు పెరిగేది అందుకే. పెరుగుదల నిజం, మీటరు చూపే మోతాదే అతిశయం. తేమను లెక్కలోకి తీసుకునే దిద్దుబాటు సూత్రాలు ఉన్నా, ఒక ఊరి ధూళికి కుదిరినది మరో ఊరికి కుదరదు. తేమ 80 శాతం మించిన గంటలను పక్కనపెట్టి, కేంద్రంతో పోల్చి చూసుకోండి. అప్పుడు మీ మీటరు పనికొస్తుంది.