కలయికలో బాధ ఎందుకు? నూనె ఎందుకు వద్దు?
దంపతులు తెలుసుకోవలసిన సంగతులు

ఆరోగ్య కేంద్రానికి వచ్చే స్త్రీలు నడుము నొప్పి చెబుతారు, నీరసం చెబుతారు, తెల్లబట్ట సంగతి కూడా ఎలాగో చెబుతారు. భర్తతో కలిసినప్పుడు మంటగా ఉంటోందని మాత్రం చెప్పరు. మనమే అడిగితే తలవంచుకుని "అది మామూలేగా అండీ" అంటారు. కాదమ్మా, అది మామూలు కాదు. భార్యాభర్తల కలయిక ఇద్దరికీ సుఖంగా ఉండాలి. ఒకరు పళ్ల బిగువున ఓర్చుకుంటున్నారంటే దానికేదో కారణం ఉన్నట్టే. చాలామందిలో ఆ కారణం చిన్నదే: యోనిలో తడి చాలకపోవడం. అందుకు ఉపాయమూ ఉంది. అయితే ఆ ఉపాయాన్ని తెలియక వాడితే కొత్త చిక్కు వస్తుంది. కాబట్టి ఈ నాలుగు పేజీలూ ఇద్దరూ చదవండి. ముఖ్యంగా భర్తలు చదవండి.

స్త్రీకి కోరిక కలిగినప్పుడు యోని గోడల చుట్టూ రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ గోడల నుంచి పల్చని నీరు ఊరుతుంది. ద్వారం దగ్గరున్న చిన్న గ్రంథులు కూడా కొద్దిగా జిగురు వదులుతాయి. ఒరిపిడి లేకుండా చేసేది ఈ తడే. ఇది ఊరడానికి కొంత వ్యవధి కావాలి. మగవాడు త్వరగా సిద్ధమవుతాడు, ఆడదానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టవచ్చు. రోజంతా పొలంలోనో ఆఫీసులోనో పనిచేసి, ఇంటెడు చాకిరీ ముగించి, పక్క గదిలో అత్తమామలు మేలుకుని ఉన్నారేమో అని బెదురుతూ పడుకున్న మనిషికి ఇంకా ఆలస్యం కావచ్చు. తొందరపడకుండా దగ్గరకు తీసుకోవడం, నాలుగు మంచి మాటలు, ముద్దుముచ్చట, ఇవి మొదటి మందు. దీనికి చీటీ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు.

కాని ఎంత అనురాగం ఉన్నా తడి ఊరని రోజులు ఉంటాయి. "నామీద నీకు ఇష్టం లేదు" అని భర్త నిష్ఠూరమాడటం, "నాలో ఏదో లోపం ఉంది" అని భార్య కుమిలిపోవడం, రెండూ తప్పే. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి ఉంటుంది. అందుచేత యోని పొడిగా ఉంటుంది. ముట్లు ఉడిగిన తరువాత కూడా అంతే. అప్పుడు యోని చర్మం పలచబడి, కొంచెం ఒరిపిడికే మండుతుంది. జలుబుకు, అలర్జీకి వాడే కొన్ని మాత్రలు ముక్కును ఎండగట్టినట్టే ఇక్కడా ఎండగడతాయి. మనోవ్యాధికి ఇచ్చే కొన్ని మందులు, క్యాన్సర్ చికిత్స కూడా ఈ ఇబ్బంది కలిగించవచ్చు.

మన ప్రాంతం వారికి ఇంకొక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు చాలామంది ఉన్నారు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది అని తేలింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, వయసు ముప్ఫై అయినా, ముట్లు ఉడిగిన మనిషి ఒంట్లో వచ్చే మార్పులే వస్తాయి. ఆపరేషన్ అయిన చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. కాపురంలో వచ్చిన మార్పుకు కారణమేమిటో తెలియక భార్యాభర్తలు ఏళ్ల తరబడి మాటలు తగ్గించుకుంటారు. మీకు అండాశయాలు తీశారో లేదో డిశ్చార్జి కాగితం చూసి డాక్టరు చెప్పగలరు. ఆ కాగితం పారేయకండి.

ఇక ఉపాయం. ఒరిపిడి తగ్గించడానికి వాడే జారుడు జెల్లీలు మందుల షాపుల్లో ట్యూబుల్లో దొరుకుతాయి. లూబ్రికెంట్ అని అడగాలి. బండి ఇరుసుకు వేసే దాన్ని మనం కందెన అంటాం కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే ఒంటికి పనికొచ్చేలా చేసినది. నీటితో చేసినవి, సిలికాన్‌తో చేసినవి, నూనెతో చేసినవి అని మూడు రకాలు. ఎక్కువమందికి నీటి రకమే మేలు. కడిగితే పోతుంది, బట్టకు మరక పట్టదు, నిరోధ్‌కు హాని లేదు. సిలికాన్ రకం ఎక్కువసేపు ఆరకుండా ఉంటుంది, దానివల్ల కూడా నిరోధ్‌కు హాని లేదు. కాని ఒక పట్టాన కడిగితే పోదు. నేలమీద పడితే కాలు జారుతుంది, జాగ్రత్త.

నూనె, నిరోధ్ కలవకూడదు

ఈ కరపత్రంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. మన ఇళ్లలో చేతికి ముందు అందేది కొబ్బరినూనె సీసా. తలకు అదే, కాలిన చోట అదే, పురిటి బిడ్డకు అదే. కనుక మంటగా ఉంటే మొదట దానికేసే చెయ్యి పోతుంది. ఒంటికి పడినా, అది నిరోధ్‌కు పడదు.

మన దేశంలో ప్రభుత్వం 1968లో నిరోధ్‌ను ఊరూరా అందుబాటులోకి తెచ్చింది. అది రబ్బరు పాలతో చేసిన పలచని తొడుగు. రబ్బరుకు నూనె శత్రువు. నూనె పీల్చుకున్న రబ్బరు మెత్తబడి బలం కోల్పోతుంది. దీనికి గంటలు పట్టవు. 1989లో అచ్చయిన ఒక పరీక్షలో, మినరల్ ఆయిల్ తగిలిన ఒక్క నిమిషానికే తొడుగు బలం నూటికి 90 వంతులు తగ్గిపోయింది. చిరుగు కంటికి కనపడకపోవచ్చు. చూడటానికి అంతా బాగానే ఉంటుంది, ముట్టు తప్పినప్పుడు తెలుస్తుంది. "నిరోధ్ వాడినా కడుపొచ్చింది, అది పనికిమాలినది" అనే మాట వింటుంటాం. అలా అనేవారు ఆ రాత్రి నూనె ఏమన్నా వాడారా అని కూడా ఆలోచించాలి.

నూనె అంటే కొబ్బరినూనె ఒక్కటే కాదు. నెయ్యి, వెన్న, మీగడ, ఆముదం, వాజిలిన్, చేతికి రాసుకునే క్రీములు, పసిపిల్లల ఒంటి నూనె, అన్నీ ఆ కోవలోవే. యోని దురదకు డాక్టరిచ్చే కొన్ని క్రీములు, లోపల పెట్టుకునే బిళ్లల్లో కూడా నూనె ఉంటుంది. అవి వాడే రోజుల్లో నిరోధ్‌ను నమ్ముకోవద్దు.

ట్యూబెక్టమీ అయినవారు, కాపర్-టి వేయించుకున్నవారు నిరోధ్ వాడని పక్షంలో రబ్బరు గొడవ లేదు. అటువంటివారు శుభ్రమైన కొబ్బరినూనె కొద్దిగా వాడి ఇబ్బంది పడకపోతే సరే. తరచు తెల్లబట్ట, దురద వచ్చేవారు మాత్రం నూనె మానేయాలి. వాజిలిన్ లోపల అసలు వద్దు, త్వరగా పోదు, సూక్ష్మక్రిములు పెరగడానికి చోటిస్తుంది.

నిరోధ్ చిరిగితే దిగులుపడుతూ కూర్చోవద్దు. 72 గంటల లోపల అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని వెంటనే అడగండి.

షాపులో ఏమని అడగాలి

ఊరికే "జెల్లీ ఇవ్వండి" అంటే షాపువాడు లిగ్నోకెయిన్ జెల్లీ ఇచ్చే ప్రమాదముంది. అది తిమ్మిరెక్కించే మందు, ఆసుపత్రిలో గొట్టాలు వేసేటప్పుడు వాడేది. తిమ్మిరెక్కితే నొప్పి తెలియదు, నొప్పి తెలియకపోతే గాయమైనా తెలియదు. అందుకని "నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్లీ, నిరోధ్‌తో వాడేది" అని పూర్తిగా చెప్పండి. నోరు రాకపోతే కాగితం మీద రాసి చూపించండి. కొనే పని భర్తదిగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

అన్ని జెల్లీలూ ఒకటి కావు. మాగాయకు ఉప్పు కలిపిన మామిడి ముక్క ఊట వదిలి ముడుచుకుపోతుంది చూశారా? గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మోతాదు మించిన జెల్లీ యోని గోడల్లోని కణాలను అలాగే చేస్తుంది. వాటిలోని నీటిని లాగేస్తుంది. తడి కోసం రాసినది ఎండగడుతుందన్నమాట! ఈ లాగే శక్తికి ఆస్మొలాలిటీ అని పేరు. అది 380 లోపు ఉంటే మంచిదని, 1200 దాటకూడదని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ఇచ్చింది. ఈ అంకె అన్ని ట్యూబుల మీదా వేయరు. వేయనప్పుడు పదార్థాల పట్టీ చూడండి. గ్లిజరిన్ మొదటి వరసలో ఉంటే వేరేది అడగండి. యోనికి సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది, కనుక పి.హెచ్. 4.5 ప్రాంతంలో ఉన్నది నప్పుతుంది. వేడి పుట్టిస్తుందనీ, చల్లగా ఉంటుందనీ, పళ్ల రుచి అనీ చెప్పే రకాలు మంట ఉన్నవారికి వద్దు. నొనాక్సినాల్-9 అని రాసి ఉన్నది కూడా తరచు వాడితే లోపలి చర్మాన్ని ఒరిపిస్తుంది.

సబ్బు నురుగు, షాంపూ ఎప్పుడూ పనికిరావు. ఉమ్మి వెంటనే ఆరిపోతుంది, నోటిలోని క్రిములను చేరవేస్తుంది. పెరట్లో కోసిన కలబంద గుజ్జు చల్లనిదే కాని, దాని తొక్క కింద కారే పసుపు పాలు మండిస్తాయి.

వాడే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. దద్దురు, దురద లేకపోతే వాడవచ్చు. చేతులు కడుక్కుని, బాదంగింజంత జెల్లీ అరచేతిలో వేసి, చల్లదనం పోయేదాకా ఉంచి, యోని ద్వారం దగ్గర, కొంచెం లోపలికి రాయాలి. నిరోధ్ తొడిగిన తరువాత దాని పైన కూడా రాయాలి. తొడుగు లోపల ఎక్కువగా వేస్తే జారి ఊడిపోతుంది. ఇప్పుడు దొరికే నిరోధ్‌లకు చాలావరకు ముందే కొంచెం సిలికాన్ తడి ఉంటుంది, అది చాలనివారికే ఈ జెల్లీ. నడుమ ఆరిపోతే ఆగి మళ్లీ రాసుకోండి. ఆగడం నామోషీ కాదు. తరువాత పైపైన నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడగవద్దు. ట్యూబుకు మూత బిగించి, ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. గడువు తేదీ దాటితే పారేయండి.

జెల్లీ గర్భాన్ని ఆపదు. అలాగని బిడ్డ కావాలనుకునేవారికి అన్ని జెల్లీలూ మంచివి కావు. కొన్ని వీర్యకణాల కదలికను మందగింపజేస్తాయి, ఉమ్మి కూడా అంతే. సంతానం కోసం చూస్తున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, తగినది రాయించుకోవాలి.

జెల్లీ వాడినా నొప్పి తగ్గకపోతే అది వేరే జబ్బు కావచ్చు. కడుపులో లోతుగా పోటు, వాసనతో తెల్లబట్ట, దురద, పుండు ఉంటే చూపించుకోవాలి. కలిసిన తరువాత రక్తం కనపడినా, ముట్లు ఉడిగిన మనిషికి ఎప్పుడు రక్తం కనపడినా, ఆలస్యం చేయకుండా రండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిగుర్తు అది కావచ్చు, తొలిదశలో దానికి మంచి చికిత్స ఉంది. కాన్పు కుట్లు మానక నొప్పి పెట్టేవారు, భర్త దగ్గరకు రాగానే కండరాలు బిగిసిపోయేవారు కూడా రావాలి, అందుకూ వైద్యముంది. ముట్లు ఉడిగాక వచ్చే పొడితనానికి ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. అది డాక్టరు పరీక్షించి రాస్తేనే వాడాలి, పక్కింటావిడ ట్యూబు అరువు తెచ్చుకోకూడదు.

రద్దీలో నోటితో చెప్పడం కష్టమైతే ఒక చిన్న చీటీ మీద "కలయికలో మంట" అని రాసి ఏ.ఎన్.ఎం. చేతికివ్వండి. ఆమె మిమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి అడుగుతుంది.