బొమ్మకారుకు రంగు: ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ల ఎంపిక – పోషణ

తెలుగు పాఠములు చెప్పుకొను వారికి గాలియంత్రముల గొడవ ఏల యని మా సహాధ్యాపకులు కొందరు నవ్వినారు. నవ్వదగిన మాటయే. కాని 2019 ఆగస్టులో పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద కియా కర్మాగారమునుండి తొలి సెల్టోస్ కారు వెలువడిననాటి నుండి మన విద్యార్థుల ఊహలలో కారునకు ఒక చోటు ఏర్పడినది. వేరుసెనగ, వాన, వలస అను మూడు మాటల చుట్టును తిరిగిన సీమలో ఇది క్రొత్త మాట. ప్రదర్శనల కొరకు పిల్లలు బొమ్మకార్లు చేసి తెచ్చుచున్నారు. ఆకారము చక్కగానే ఉండును. రంగు వద్దనే పని చెడిపోవుచున్నది. చెడిన బొమ్మలను చూచి చూచి, లారీలకు రంగు కొట్టు పనివారినడిగి, స్వయముగా చేసి చూచి మేము తెలిసికొన్న సంగతులను ఇందు పొందుపరచుచున్నాము.

కుంచె ఉండగా గాలి ఎందుకు?

ఆ తొలి సెల్టోస్ కారు పొడవు రమారమి 4.3 మీటర్లు. దానిని 24వ వంతునకు కుదించినచో 18 సెంటీమీటర్ల బొమ్మ అగును. కొలత తగ్గినపుడు రంగుపొర మందము కూడ తగ్గవలెను గదా! బొమ్మపై మిల్లీమీటరులో ఇరువదవ వంతు మందమున రంగు పడినదనుకొందము. అది నిజమైన కారుపై మిల్లీమీటరునకు మించిన పూత పూసినట్లు. తలుపుల సందులు పూడిపోవును, అంచులు మొద్దుబారును. కుంచె గీతలు ఇంకొక దోషము. లారీ షెడ్లలోని స్ప్రేగన్ నాజిల్ రంధ్రము 1.3, 1.4 మిల్లీమీటర్లుండును, అది బొమ్మను ముంచివేయును. 0.3 మిల్లీమీటరు రంధ్రముతో పలుచని పొరలను ఒకదానిపై ఒకటి వేయగల సాధనము ఎయిర్‌బ్రష్.

ఇది నేటి వస్తువు కాదు. 1870 దశకమున అమెరికాలోని అయోవా రాష్ట్రవాసి ఆబ్నర్ పీలర్ దీని తొలి రూపమును కల్పించినాడు. 1890 దశకమున చార్లెస్ బర్డిక్ రంగును, గాలిని సాధనము లోపలనే కలుపు పద్ధతిని తెచ్చినాడు. ఫొటోలను సరిదిద్దు చిత్రకారుల చేతిలో ఇది చాలకాలము మెలగినది.

ఎంపిక

ఎయిర్‌బ్రష్‌లో ప్రాణము సూది. కొన తేరిన ఆ సూది నాజిల్ రంధ్రమును మూసి ఉండును. వెనుకకు జరిగిన కొలది రంగునకు దారి విచ్చుకొనును. చుట్టును వేగముగా పోవు గాలి ఆ రంగును లాగికొని తుంపరగా చేయును.

సింగిల్ యాక్షన్ రకములో మీట నొక్కిన గాలి వచ్చును. రంగు ఎంత రావలెనో వెనుక మరతో ముందే నిర్ణయింపవలెను. డబుల్ యాక్షన్ రకములో మీటను క్రిందికి నొక్కిన గాలి, వెనుకకు లాగిన రంగు; రెండును ఒక్క వ్రేలి అధీనములో నుండును. కొద్ది దినముల అభ్యాసము వలయును గాని, నేర్చుకొనదగినది ఈ రెండవదే. దీనికి నియమమొక్కటే: గాలి ముందు రావలెను, రంగు ముందు ఆగవలెను. ఈ వరుస తప్పిన చోట చుక్క రాలును.

రంగుగిన్నె పైన ఉన్న దానిలో రంగు తన బరువుతో దిగును. కొద్ది రంగుతో, తక్కువ గాలితో పని జరుగును, కడుగుట సులువు. క్రింద సీసా తగిలించు రకము ఎక్కువ రంగు పట్టును గాని, దానిని పైకి పీల్చుటకు గాలి కొంత హెచ్చు కావలెను. ఒక్క కారు చేయువారికి పైగిన్నె చాలును.

రంధ్రము విషయములో పిల్లలు సన్ననిదే గొప్పదని భ్రమపడుదురు. 0.2 సన్నని గీతలకు మంచిదే. వెండిపొడి కలిసిన మెటాలిక్ రంగు పోసిన నిమిషమునకే అడ్డుపడును. 0.3 అన్నిటికి సరిపోవును. ప్రైమరునకు, పై మెరుపుపూతకు 0.5 ఉన్న మేలు. ఒక్కటే కొనగల వారు 0.3 కొనవలెను.

జపాను ఇవాటా, అమెరికా బ్యాడ్జర్, జర్మనీ హార్డర్ అండ్ స్టీన్‌బెక్ పేరుపొందినవి. చవక రకములు కూడ పని చేయును. పేరుకన్న ముందు అడుగవలసిన ప్రశ్న వేరే ఉన్నది: సూది వంగినచో, నాజిల్ విరిగినచో ఆ విడిభాగము విడిగా దొరకునా? దొరకని పక్షమున ఎంత మంచి సాధనమైనను ఒక్క జారుపాటుతో అలంకారవస్తువై పోవును.

కంప్రెసర్

ట్యాంకు లేని చిన్న డయాఫ్రమ్ యంత్రములలో గాలి కొట్టుకొని కొట్టుకొని వచ్చును. ఆ అదురు గీతలో కనిపించును. పిస్టన్ యంత్రము, దానికి మూడు లీటర్ల ట్యాంకు, గాలిని తగ్గించు రెగ్యులేటరు, నీటిని పట్టు ఫిల్టరు – ఈ నాలుగును కూడినది విద్యార్థికి చాలును. ఇట్టి యంత్రములు సాధారణముగా నాలుగు బార్ల వద్ద ఆగి, మూడు బార్లకు దిగగానే మరల తిరుగును. అమెరికా నుండి బంధువులు తెచ్చిన 110 వోల్టుల యంత్రమును మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టరాదని వేరుగ చెప్పనక్కర లేదు.

ట్యాంకు ఉన్నది గదా, కరెంటు పోయినను పని సాగునని కొందరి నమ్మిక. లెక్క కట్టి చూతము. నాలుగు బార్లనుండి ఒకటిన్నర బార్లకు దిగువరకు మూడు లీటర్ల ట్యాంకు ఇచ్చు గాలి ఏడున్నర లీటర్లు. ఎయిర్‌బ్రష్ నిమిషమునకు పండ్రెండు లీటర్లు త్రాగుననుకొన్నచో, ఆ గాలి అర నిమిషమునకు పైన కొద్దిసేపే వచ్చును. కనుక ట్యాంకు పని అదురును అణచుట మాత్రమే. నడుమ కరెంటు పోయినపుడు తొందరపడి తక్కిన భాగము పూర్తి చేయబోరాదు. మిగిలిన ఆ కొద్ది గాలితో గిన్నెలోని రంగును బయటికి పంపి, థిన్నర్ పోసి నాజిల్‌ను కాపాడుకొనవలెను. కారు స్టెప్నీ చక్రములోని గాలిని రెగ్యులేటరు, ఫిల్టరుల గుండా తీసికొని పని ముగించుట పాత ఉపాయము. దాని వలన రెండు నిమిషములు లభించును.

కరవుసీమలో నీరు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురియుట గగనమైన మన జిల్లాలో, కంప్రెసర్ ట్యాంకు అడుగు మర విప్పగా నీరు కారుట చూచి మా విద్యార్థి యొకడు, "సార్, బోరు వేస్తే పడని నీళ్లు ఇందులో పడినాయి" అన్నాడు. హాస్యముగా అన్నను, కారణము తెలిసికొనదగినది. వేసవి మధ్యాహ్నపు గాలిలో తేమ నూటికి ముప్పది వంతులే ఉన్నదనుకొందము. గేజీపై నాలుగు బార్లనగా మొత్తము అయిదు వాతావరణముల ఒత్తిడి. అయిదు లీటర్ల గాలి ఒక్క లీటరులో ఇమిడినది. దానితోపాటు అయిదు లీటర్లలోని ఆవిరియు ఇమిడినది. ముప్పదిని అయిదుతో గుణింపగా నూట యేబది. ఆ గాలి చల్లారిన పిమ్మట నూరు వంతులకు మించిన తేమను మోయజాలదు. అనగా మూడవ వంతు ఆవిరి నీరుగా దిగును. ఎండాకాలమే ఇట్లున్నచో సెప్టెంబరు, అక్టోబరు నెలల సంగతి చెప్పనేల?

ఆ నీటిచుక్క గొట్టము వెంట వచ్చి ఎర్రని మెరుపుపూతపై పడినదా, నెల్లాళ్ల శ్రమ ఒక్క క్షణములో పోవును. పైన చెప్పిన విద్యార్థికి జరిగినది అదియే. ప్రదర్శనకు ముందటి రాత్రి అతని కారు పైకప్పుపై పొక్కు లేచినది. అందుచేత ప్రతిదినము పని ముగియగానే గాలి తగ్గించి, ట్యాంకు అడుగు మర విప్పి నీరు వదలవలెను. వదలనిచో ట్యాంకు లోపల త్రుప్పు పట్టును. త్రుప్పు తిన్న ట్యాంకు పగిలినపుడు ప్రాణాపాయము. పాత ఇనుప సామానుల అంగడిలో దొరకిన ట్యాంకుకు వెల్డింగు పెట్టి వాడుట ఎంతమాత్రము తగదు. సేఫ్టీ వాల్వు అప్పుడప్పుడు పని చేయుచున్నదో లేదో చూడవలెను. మన దుమ్మునకు గాలి లోపలికి పీల్చు ఫిల్టరు త్వరగా పూడును. దానిని దులుపుచు, అవసరమైనపుడు మార్చుచుండవలెను. యంత్రము చేయి కాలునంత వేడెక్కినపుడు విశ్రాంతి ఇయ్యవలెను.

మన ఎండ, మన గాలి

పొరుగుదేశముల పుస్తకములలోని కొలతలు మనకు యథాతథముగా కుదరవు. నలుబది డిగ్రీల ఎండలో రంగుతుంపర బొమ్మను చేరకముందే దారిలో ఎండి, పైన ఉప్పుకాగితము వలె గరుకుతేలును. అందుకు విరుగుడులు: తెల్లవారుజామున పని చేయుట, నెమ్మదిగా ఆరు థిన్నర్ వాడుట, బొమ్మకు కొంచెము చేరువగా పట్టుట. రంగు పాలవలె గిన్నె అంచున జారునంత పలుచన కావలెను. ఒత్తిడి ఒకటి మొదలు ఒకటిన్నర బార్ల వరకు చాలును. వానదినములలో దీనికి విపరీతము: లాకరు పూత ఆరునపుడు తేమ పట్టి తెల్లపొర కమ్మును. ఆ దినము పని మానుటయే మేలు.

జూన్, జూలై మాసములలో రామగిరి కొండలపై గాలిమరలను తిప్పు ఆ గాలియే మన గదులలోనికి ధూళిని మోసికొని వచ్చును. పనికి అరగంట ముందు నేలపై కళ్లాపి చల్లినట్లు నీరు చల్లవలెను. రంగు వేసిన వెంటనే బొమ్మపై అట్టపెట్టె బోర్లించవలెను.

సంరక్షణ

కాతిబు తన రెల్లుకలమునకు పెట్టిన ఖత్ చెడకుండ ఎంత జాగ్రత్త పడునో, మనము సూదికొన విషయములో అంత జాగ్రత్త పడవలెను. రంగు మార్చిన ప్రతిసారి గిన్నె ఖాళీచేసి, థిన్నర్ పోసి, తెల్లగా వచ్చువరకు కొట్టవలెను. దినము చివర సూదిని వెనుకకు లాగి తీసి, థిన్నర్ తడిపిన గుడ్డతో మొదలునుండి కొనవైపునకు తుడువవలెను. ఎదురు తుడిచిన గుడ్డ చిరుగును, కొన వంగును, వ్రేలు తెగును. నాజిల్‌ను దానితో వచ్చిన చిన్న రెంచితోనే, మెల్లగా బిగింపవలెను. కటింగ్ ప్లేరు తగిలిన నాజిల్ మెడ విరుగుట ఖాయము. సాధనమునంతటిని థిన్నర్‌లో నానవేయరాదు. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బును. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పూయరాదు. అవి రంగులో కలిసినచో పూతపై చేపకన్నుల వంటి గుంటలు పడును.

రోగలక్షణములను గుర్తించుట వైద్యమున సగము. గిన్నెలో బుడగలు లేచినచో నాజిల్ వదులైనది, లేదా పగిలినది. తుంపర ఒక ప్రక్కకు పోయినచో సూది వంగినది. చుక్కలు చిమ్మినచో కొనపై రంగు ఎండినది, లేదా రంగు చిక్కనైనది.

చివరిమాట

పైన చెప్పినవన్నియు బొమ్మ కొరకు. ఇక చెప్పబోవునది బొమ్మ చేయువాని కొరకు. ఆ పొక్కులేచిన కారు చేసిన విద్యార్థి తండ్రి లారీలకు రంగు కొట్టు పనివాడు. నాజిల్ పట్టుట, థిన్నర్ పాళ్లు మేము నేర్చినది ఆయన వద్దనే. మాటమాటకు దగ్గు వచ్చి ఆగెడివాడు. "ముప్పై ఏండ్లు మూతికి తుండుగుడ్డ చుట్టుకొని కొట్టినాను సార్. గుడ్డ రంగును ఆపింది గాని వాసనను ఆపలేదు. పిల్లోనికి మాత్రం మంచి మాస్కు కొనియ్యండి" అన్నాడు.

ఆయన మాటలో శాస్త్రమున్నది. గుడ్డయు, ఆసుపత్రి మాస్కును థిన్నర్ ఆవిరిని ఆపజాలవు. దానికి బొగ్గు కార్ట్రిడ్జ్ గల మాస్కు కావలెను. కిటికీ తెరచి, గాలి బయటికి పోవునట్లు ఫ్యాను పెట్టవలెను. దగ్గరలో పొయ్యి, అగ్గిపుల్ల ఉండరాదు. రెండు డబ్బాలు కలిపి కొట్టు గట్టి మెరుపుపూతలలో ఐసోసయనేటు అను రసాయనముండును; అది ఉబ్బసము తెచ్చిపెట్టగలదు. ఇంటిలో పిల్లలు దానిని ముట్టకుండుటయే మంచిది. నీటితో పలుచన చేయు అక్రిలిక్ రంగులతో ప్రారంభింపవలెను. వాటికిని మాస్కు తప్పదు.

కనుక విద్యార్థులకు మా సలహా ఇది. చేతిలో ఉన్న సొమ్ములో మొదట మాస్కు కొనుడు. పిమ్మట రెగ్యులేటరు, ఫిల్టరు గల కంప్రెసర్. మిగిలిన దానితో విడిభాగములు దొరకు ఎయిర్‌బ్రష్. ఆ విద్యార్థి మరల పైకప్పు గీకి, నీటి ఉప్పుకాగితముతో రుద్ది, మూడు పలుచని పొరలు వేసి తన కారును పూర్తి చేసినాడు. ఈసారి ముందు ట్యాంకు నీరు వదలినాడు, మాస్కు కట్టుకొన్నాడు. ప్రక్కన నిలిచి చూచిన తండ్రికిని ఒకటి కట్టినాడు.