దగ్గే కదా, చెప్పొద్దంటోంది అమ్మ

సమస్య: మా అమ్మకు 64 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. ఇంకో పది రోజుల్లో విజయవాడలో కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్. పరీక్షలన్నీ అయ్యాయి, మత్తు డాక్టరు కూడా చూసి సరేనన్నారు. ఇప్పుడేమో దగ్గు పట్టుకుంది, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పైగా అదే కాలికి దోమ కుట్టినచోట గోకి గోకి పుండు చేసుకుంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తానంటే ‘చెప్తే వాయిదా వేస్తారే! తమ్ముడు డాలస్ నుంచి సెలవు పెట్టుకుని వస్తున్నాడు, ముహూర్తం కూడా చూపించాం’ అంటోంది. చేరే రోజు చెబితే సరిపోదా?
- ఓ కూతురు, గుడివాడ

సలహా: సరిపోదమ్మా. ఈ రోజే ఫోన్ చేయండి. మత్తు డాక్టరు సరేనన్నది ఆనాడు తన ముందు కూర్చున్న మనిషికి. ఆ మనిషికప్పుడు దగ్గూ లేదు, జ్వరమూ లేదు.

మోకాలికి ఎక్కువగా వెన్నుకే మత్తిస్తారు, దగ్గుతో ఏం పని అనుకోవద్దు. అవసరమైతే పూర్తి మత్తుకు మారాల్సి రావచ్చు. అయితే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ పుండు. చర్మం మీది పుండు, పంటి చీము, మూత్రంలో మంట, ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా సూక్ష్మజీవులు కొత్తగా అమర్చిన కీలు మీదికి చేరొచ్చు. అక్కడ తిష్ఠ వేస్తే మందులకు ఓ పట్టాన లొంగవు. ఒక్కోసారి ఆ కీలు తీసేసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. షుగరున్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగించకండి. రోగం పూర్తిగా పోకుండానే జ్వరం కనబడకుండా పోవచ్చు.

ఓపీ ఫైలు మీదున్న నంబరుకు ఫోన్ చేసి సర్జన్ గారి టీమ్‌కు చెప్పమనండి. జ్వరం ఎంత, కళ్లె పడుతోందా, పుండు నుంచి రసి కారుతోందా, షుగరు ఎంతుంది, ఇవన్నీ చూసుకుని మరీ మాట్లాడండి. ఆమె వాడే మాత్రలన్నీ చదివి వినిపించండి, నాటుమందులతో సహా. షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ రకంవి మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు. రక్తం పలచబడే మందులుంటే మాత్రం వాళ్లు చెప్పకుండా మీ అంతట మీరు ఆపొద్దు. ఆయాసమో ఛాతీనొప్పో వస్తే ఈ ఫోన్లేవీ వద్దు, 108కి చేయండి.

ఇప్పుడే చెబితే మందులిస్తారు, పుండు మానితే అదే తేదీకి చేసినా చేయొచ్చు. చేరే రోజు చెబితే పొద్దుటి నుంచి పస్తున్న మనిషిని అలాగే ఇంటికి పంపిస్తారు. పురోహితుడు ఇంకో ముహూర్తం పెడతాడు, తమ్ముడి టికెట్టూ మారుతుంది. అతనికీ ఈ రాత్రే విషయం చెప్పండి.