మట్టిలో వైరస్‌లు: ఏది మన శత్రువు, ఏది కాదు?

వైరస్ అనగానే మనకి గుర్తొచ్చేది పాలరోగమే. ఒళ్లు ఉబ్బి, పాల లాంటి రసం కారి, గూడు కట్టాల్సిన పురుగు చచ్చిపోతుంది. అందుకే కంబళి తోటలో గుప్పెడు మట్టిలోనే కోట్ల వైరస్‌లు ఉంటాయంటే గుండె గుభేలుమంటుంది. కంగారు పడొద్దు. వాటిలో ఎక్కువ భాగం బ్యాక్టీరియాని మాత్రమే పట్టేవి. వీటిని ఫేజ్‌లు అంటారు. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ అనే శాస్త్రవేత్తలు వీటి గురించి మొదట రాశారు.

ఫేజ్ బ్యాక్టీరియాకి అతుక్కుని తన జన్యువుని లోపలికి పంపిస్తుంది. లోపల కొత్త ఫేజ్‌లు తయారయ్యాక బ్యాక్టీరియా పగిలిపోతుంది. తాళానికి తగ్గ తాళంచెవి లాగా, ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియానే పడుతుంది. పురుగునీ ఆకునీ పట్టదు. పగిలిన బ్యాక్టీరియాలోని నత్రజని, భాస్వరం మళ్లీ మట్టిలో కలుస్తాయి.

మన పురుగుకి సంబంధించిన సంగతి ఒకటుంది. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన జబ్బు చేసిన పట్టుపురుగుల్లో ఒక బ్యాక్టీరియాని కనిపెట్టారు. ఈ రోజు మనం బీటీ అనేది దాన్నే. అది మట్టిలోనూ బతుకుతుంది. దాన్ని చంపే ఫేజ్‌లూ ఉన్నాయి. అట్లని వాటిని నమ్ముకుని కంబళి తోట పక్కన బీటీ మందు కొట్టనివ్వకండి. ఆకు మీద పడితే మన పురుగే పోతుంది.

ఇక ముఖ్యమైన మాట. ఫేజ్ పట్టేది బ్యాక్టీరియాని. పాలరోగం వైరస్‌ని అదేమీ చేయలేదు. ఫేజ్ మందుతో పాలరోగం పోతుందని ఎవరైనా చెబితే డబ్బు పెట్టకండి. ఆ రోగం వైరస్ గట్టి గింజల్లో దాక్కుని మట్టిలో, మేపుడింట్లో చాలా కాలం ఉంటుంది. ఆకుతో కడుపులోకి పోతే అక్కడి క్షారానికి గింజ కరిగి వైరస్ బయటపడుతుంది.

కాబట్టి మనం చేయాల్సింది:
• జబ్బు పురుగుల్ని చేత్తో ముట్టకుండా ఏరి, కాల్చేయండి, లేదా సున్నం వేసి లోతుగా పూడ్చండి.
• పడక చెత్తని పచ్చిగా తోటలో చల్లొద్దు. గుంటలో బాగా మాగాకే వేయండి.
• పంట అయ్యాక 100 లీటర్ల నీళ్లలో 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల తడి సున్నం పొడి కలిపి ఇల్లు, తట్టలు, చంద్రికలు తడిసేలా కొట్టండి.

మట్టిలోని ఫేజ్‌ల పని వాటిని చేసుకోనిద్దాం. మేపుడింటి శుభ్రత మాత్రం మన పనే. పక్క తోట వాళ్లకీ ఈ పాఠం పంపండి.